ఎర్రమట్టి గోడ ముందు అవ్వ

మొన్న మా ఆఫీసులో పిల్లల రోజు జరిగింది. ఏడాదికోసారి ఉద్యోగులు తమ పిల్లల్ని వెంట తెచ్చుకునే రోజు అది. ఒకరు బొమ్మలు వేయిస్తారు, ఒకరు పాటలు పాడిస్తారు. ఫోటోలు తీయడం నేర్పే గంటను నాకు అంటగట్టారు. నలుగురిలో నోరు తెరవలేని మనిషిని నేను. చెప్పాల్సిందంతా ఇంటికెళ్ళి డైరీలో చెప్పుకుంటాను. అందుకే పాఠమేమీ చెప్పకుండా, పాత శుభలేఖలు తీసుకెళ్ళి, మధ్యలో చిన్న కిటికీలా కత్తిరించి తలా ఒకటి ఇచ్చాను. దాంట్లోంచి చూసి, కనబడినది చెప్పమన్నాను.

ఒక పాప మాత్రం అట్టముక్క పట్టుకోలేదు. వాళ్ళ తాతయ్య పాత రీలు కెమెరా మెడలో వేసుకుని వచ్చింది. తాతయ్య పోయాక అటక మీద దొరికిందట. నేను వేరే పిల్లాడి మాట వింటుండగా టక్‌మన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పాప కెమెరా వెనక మూత తెరిచి ఉంది. లోపల రీలు నల్లగా, కాస్త ఊదాగా మెరుస్తోంది. చటుక్కున వెళ్ళి మూత మూసేశాను. నా ముఖంలో ఏం కనబడిందో, పాప పెదవులు వణికాయి.

"తాతయ్య ఫోటోలు పోయాయా ఆంటీ?"

తలెత్తి బయటికి చూశాను. ఆ గది అద్దాల గోడకు అవతల కొత్తగూడ చౌరస్తా, ఫ్లైఓవరు, దాని కింద నత్తనడకన పోతున్న ఆఫీసు బస్సులు. ఆ ఫ్లైఓవరు పక్కన ఒకప్పుడు గుట్ట ఉండేది. ఏసీ గదిలో నిలబడి ఉన్నా నా ముక్కుకి పేలుడుమందు వాసన తగిలింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాక, నగరంలో కిరాయిలు అందక ఇంత దూరం వచ్చి రెండు గదుల్లో సర్దుకున్నాం. చుట్టూ బండల మీద బండలు. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, దూరంగా ఈత చెట్లు. ఆ దూరంలోనే ఎవరూ ఊహించని ఎత్తుకు ఒక అద్దాల మేడ లేస్తోంది. దాని చుట్టూ రోడ్లు వేయడానికి, ఇంకా ఎన్నో మేడలకు చోటు చేయడానికి గుట్టల్ని పగలగొడుతున్నారు.

రోజూ మధ్యాహ్నం ఒకడు ఎర్రజెండా పట్టుకుని విజిల్ ఊదుతూ తిరిగేవాడు. "జరుగుండ్రి, లోపలికి పోండ్రి" అని అరిచేవాడు. మేం మంచాల కింద దూరేవాళ్ళం. ఆ తర్వాత బండల్లో పెట్టిన తూటాలు పేలేవి. గుండెలోపల ఎవరో తన్నినట్టుండేది. అలమరలో కంచాలు ఒకదానికొకటి కొట్టుకునేవి. అమ్మ ఆవకాయ జాడీల్ని నేల మీద గోనెపట్టాల మధ్య కూర్చోబెట్టింది. అన్నంలో కూడా కాలిన మందు వాసనే. ఒకసారి గుమ్మడికాయంత రాయి ఎగిరొచ్చి ఒక గేదె నడుము మీద పడింది. సాయంత్రం దాకా అది లేవలేక రొప్పుతూ కళ్ళు తిప్పుతూనే ఉంది. చివరికి ఎవరో గొడ్డలి తెచ్చారు. పిల్లల్ని లోపలికి వెళ్ళమన్నారు గానీ చప్పుడు లోపలికీ వినబడింది.

ఆ సంవత్సరం మా ఇంటికి మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. కంప్యూటరు కోర్సు చేస్తానని వచ్చాడు గానీ ఆయన మనసంతా మెడలో వేలాడే కెమెరా మీదే. మా ఊళ్ళో స్టూడియోలో పనిచేసి నేర్చుకున్న విద్య అది. నెల తిరిగేసరికి కోర్సు మాట పక్కన పెట్టి, గుట్టలు పేల్చే కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. ఆ పని ఏమిటో విని అమ్మ నవ్వింది. గోడల ఫోటోలు తీయడం.

తూటాలు పెట్టే ముందు చుట్టుపక్కల ఇళ్ళ గోడల్ని ఫోటోలు తీసి ఉంచుకుంటారట. రేపెవరైనా మీ తూటాకి మా గోడ చీలిందని వస్తే, పగులు ముందు నుంచే ఉందో లేదో ఆ ఫోటోలో తెలిసిపోతుంది. మావయ్య ఇంటింటికీ వెళ్ళి గోడలు తీసేవాడు. తీసిన రీళ్ళు ఆ సాయంత్రమే కాంట్రాక్టరు మనిషికి అప్పగించాలి. నెగెటివు కూడా మావయ్య దగ్గర ఉంచుకోకూడదు.

ఊరివాళ్ళకు ఇది వేరే రకంగా అర్థమైంది. మావయ్య ఏ బండను ఫోటో తీసినా వారం తిరక్కుండా అది ముక్కలయ్యేది. ఏ గుడిసె దగ్గర నిలబడినా నెలలోపు ఆ గుడిసె ఖాళీ. కాబట్టి ఫోటో తీసిన గోడ కూలుతుందని మాట పుట్టింది. ఆయన వస్తుంటే కొందరు గోడకు అడ్డంగా దుప్పట్లు ఆరేసేవారు. మావయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట ఎంత లోతుకు దిగిందో మాకెవరికీ తెలియలేదు.

మా ఇంటి వెనకే, గుట్ట వైపు, నా స్నేహితురాలి ఇల్లు. ఎర్రమట్టి గోడలు, పైన రేకులు. ఆమె నాయిన అదే గుట్ట నుంచి రాళ్ళు తరలించే ట్రాక్టరు నడిపేవాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది వాళ్ళ అవ్వ. పొద్దున్నే వాకిట్లో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కొట్టేది. రొట్టెలయ్యాక నిప్పుల్లో ఉల్లిగడ్డ వేసేది. అది నల్లగా మాడాక తీసి, పైపొర వేళ్ళతో ఊడబీకి, లోపలి తెల్లదాన్ని ఉప్పూ కారంతో రొట్టెలో పెట్టి ఇచ్చేది. మా అమ్మ వంట ఎంత బాగున్నా ఆ ఉల్లిగడ్డ కోసం నేను గోడ దూకేదాన్ని.

మావయ్య మమ్మల్ని, అంటే ఆ వాడలో స్కూలు లేనప్పుడల్లా తిరిగే ఏడెనిమిది మంది పిల్లల్ని, తన వెంట తిప్పుకునేవాడు. మాకూ కెమెరా ఇమ్మని మేం వెంటపడ్డాం. ఆయన ముందు అట్టముక్కలు ఇచ్చాడు. శుభలేఖ మధ్యలో కిటికీ కత్తిరించి, ఇదే మీ కెమెరా అన్నాడు. కొన్ని వారాల పాటు ఒట్టి అట్టే. దాంట్లోంచి చూడాలి, చూసింది ఆయనకు చెప్పాలి. "చెట్టు" అంటే ఒప్పుకునేవాడు కాదు. చెట్టులో ఏం కనబడింది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, నువ్వు వంగితే ఏం మారింది అని అడిగేవాడు. మేకపిల్లను చూడాలంటే మేకపిల్ల ఎత్తుకు దిగమనేవాడు. మేం బురదలో బోర్లా పడుకుంటే అమ్మలు తిట్టేవారు, ఆయన మెచ్చుకునేవాడు.

ఓసారి అవ్వ నా చేతిలో అట్ట చూసింది.

"ఏంది బిడ్డా, గా తొర్రలకెల్లి ఏం గనవడ్తది నీకు?"

"నీ మొహం అవ్వా."

"గంత చిన్న తొర్రల నా మొకం బట్టిందా? అయితే మస్తు పెద్ద తొర్రే."

నాకు మనుషుల కళ్ళలోకి చూడాలంటే భయం. అట్ట అడ్డముంటే ఆ భయం ఉండేది కాదు. మావయ్య అది కనిపెట్టాడు. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "భయమేస్తే కళ్ళు మూసుకోకమ్మాయ్, కెమెరా ఎత్తుకో. భయం ఒక అడుగు వెనక్కి పోతుంది" అన్నాడు. ఆ మాట ఆ రాత్రి నా మొదటి డైరీలో రాసుకున్నాను.

ఒకరోజు తన పాత కెమెరాలో రీలు వేసి మాకిచ్చాడు. మొదటి రీలు సగమైనా కాకముందే నా స్నేహితురాలు తట్టుకోలేకపోయింది. ఫోటోలు ఎలా వచ్చాయో చూద్దామని మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక మూత తెరిచేసింది. మేమంతా దాన్ని తిట్టిపోశాం. అది ఏడుస్తూ అవ్వ వెనక దాక్కుంది. మావయ్య తిట్టలేదు. మూత మూసి, ఆ రీలు తీసుకెళ్ళి కడిగించి తెచ్చాడు. చివర తీసినవి తెల్లగా పోయాయి. మధ్యవి సగం మంటల్లో ఉన్నట్టు నారింజ రంగులో వచ్చాయి. మొదట తీసినవి మాత్రం అంచు ఎర్రబడి, మిగతాదంతా బాగానే ఉన్నాయి.

తీసిన రీలు లోపల ఒక ఇరుసుకు చుట్టుకుంటుందని, మొదటి ఫోటో అన్నిటికంటే లోపల ఉంటుందని, వెలుగు పై చుట్లనే ముందు కాలుస్తుందని ఆయన చెప్పాడు. మాకు సరిగా ఎక్కలేదు. పొయ్యి దగ్గర నుంచి అవ్వ అందుకుంది.

"ఉల్లిగడ్డ లెక్కనే గదరా. పైపొర మాడ్తది, లోపల మంచిగుంటది."

మావయ్య చాలాసేపు నవ్వాడు. ఆ మాడిన ఫోటోలన్నీ, వంకరవీ మసకవీ కూడా, మా ఇంటి వరండా గోడకు అంటించాడు. పిల్లలు తీసిన ఏ ఫోటోనూ పారేయకూడదన్నది ఆయన పట్టుదల.

దసరా సెలవులొచ్చాయి. గుట్ట మీద తంగేడు, గునుగు విరగబూశాయి. బతుకమ్మకు ముందు అవ్వ ఇంటి గోడల్ని ఎర్రమట్టితో అలికి, కింద సున్నం పట్టీ తీసి, మధ్యలో చుక్కలు పెట్టింది. ఆ గోడ నున్నగా, పచ్చి మట్టి వాసనతో మెరిసిపోయేది. రెండో రీలు వేసి, మొదటి వంతు నా స్నేహితురాలికే ఇచ్చాడు మావయ్య. పాత తప్పుకు శిక్షగా దానికి చివరి వంతు ఇవ్వాలని మేం గోల చేశాం. ఆయన వినలేదు. తప్పు చేసినవాళ్ళు కెమెరాకు భయపడిపోకుండా వాళ్ళకే ముందు ఇవ్వాలన్నాడు.

అవ్వ కొంగు సర్దుకుంటూ వచ్చింది. "ఏమయ్యా ఫోటోల పిలగా, మొన్న నా గోడ దీస్తివి. ఇయ్యాల నన్ను గూడ నువ్వే దియ్యి."

"నేను తీయను అవ్వా. నన్ను చూస్తే కొంగు సర్దుకుంటావు. నీ మనవరాల్ని చూస్తే నవ్వుతావు."

ఆయన అన్నట్టే జరిగింది. బతుకమ్మ పళ్ళెం పక్కన పెట్టుకుని గోడ ముందు నిలబడి, మనవరాలు కన్ను మూయడం చేతగాక ముఖమంతా వంకర్లు తిప్పుతుంటే అవ్వ పళ్ళులేని నోటితో నవ్వింది. అది మూడు ఫోటోలు తీసి కెమెరా పక్కవాళ్ళకిచ్చింది. పండగంతా రీలు చేతులు మారింది. చివరికి నా వంతు వచ్చింది. సిగ్గు కొద్దీ నేను రెండు రోజులు ఏమీ తీయకుండా మెడలో వేసుకుని తిరిగాను.

ఆ రెండో రోజు మధ్యాహ్నం విజిల్ వినబడింది. కానీ ఎప్పటిలా దూరం నుంచి కాదు. వాళ్ళు ఆ రోజు ఇళ్ళను ఆనుకుని ఉన్న బండకు మందు పెట్టారు. నేను స్నేహితురాలి వాకిట్లో ఉన్నాను. వాళ్ళమ్మ మా ఇద్దరినీ లాగి నీళ్ళ డ్రమ్ము వెనక కుదేసింది. అవ్వ లోపల పడుకుని ఉంది. "గీ చప్పుళ్ళకు నేను లేస్తనా" అనడం ఆమెకు అలవాటు.

నేల ఎగిరి పడింది. చెవులు మూసుకుపోయాయి. దుమ్ములోంచి చూస్తే, చుక్కలు పెట్టిన ఆ గోడ మధ్యలో వంగి, లోపలికి, మంచం మీదికి కూలిపోయింది. రేకులు దాని మీద పడ్డాయి.

మనుషులు పరుగెత్తుకొచ్చారు. నా స్నేహితురాలి నాయిన ట్రాక్టరు వదిలేసి వచ్చి, చేతులతోనే మట్టి తవ్వాడు. గోళ్ళు ఊడి రక్తం కారుతున్నా ఆగలేదు. ముందు చెయ్యి బయటపడింది. గాజులు చితికి మణికట్టులో దిగబడ్డాయి. తల బయటపడేసరికి స్నేహితురాలి అమ్మ నా కళ్ళు మూసింది. వేళ్ళ సందుల్లోంచి నేను చూశాను. మట్టి ఎర్రన, తల ఎర్రన. ఏది ఏదో తెలియలేదు.

అప్పుడే మావయ్య వచ్చాడు. పేలుడు దగ్గరగా వినబడి ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చాడు. పని మధ్యలోంచి వచ్చాడు కాబట్టి కెమెరా మెడలోనే ఉంది. వంగి రేకు ఎత్తబోయాడు. నా స్నేహితురాలి నాయిన తలెత్తి చూశాడు. ఆయనకు మనిషి కనబడలేదనుకుంటాను, కెమెరా ఒక్కటే కనబడింది.

"నువ్వు ఫోటో దీస్తివి, గాళ్ళు కూలగొట్టిరి. ఇగ పడ్డంక గూడ దీస్తవారా?"

కెమెరా పట్టీని గుప్పిట్లో పట్టి మెడ చుట్టూ మెలితిప్పాడు. మావయ్య మోకాళ్ళ మీద పడ్డాడు. ముఖం నల్లబడుతుంటే పట్టీ తెగింది. నా స్నేహితురాలి నాయిన ఆ కెమెరాను బండకేసి కొట్టాడు. ఇంకో ఇద్దరు కాళ్ళతో తన్నారు. మావయ్య ఏదో చెప్పబోతే ఒకడు నోటి మీద తన్నాడు, పళ్ళు నేల మీద రాలాయి. తర్వాత నా స్నేహితురాలి నాయిన మావయ్య కుడిచేతిని లాగి బండ మీద పరిచాడు. మట్టి తవ్వడానికి ఎవరో తెచ్చిన గడ్డపార అందుకున్నాడు.

"మీట నొక్కిన చెయ్యి గిదే గదా" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

కళ్ళు మూసుకోబోయాను. కెమెరా ఎత్తుకున్నాను. ఆ చిన్న కిటికీలో గడ్డపార పైకి లేచింది. మీట నొక్కాను.

కిందికి దిగినప్పటి చప్పుడు ఇప్పటికీ రాయలేను.

కెమెరా దించాక మొదట కనబడింది నా స్నేహితురాలి కళ్ళు. అది వాళ్ళ నాయిన వైపు చూడడం లేదు, నా వైపు చూస్తోంది. దాని వెనక కాస్త దూరంలో కాంట్రాక్టరు తరఫున పని చూసే సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. అతనూ నా చేతుల్లోకే చూస్తున్నాడు.

అవ్వ దవాఖానకు చేరకముందే పోయింది. మావయ్యను ఇంకో దవాఖానలో చేర్పించారు. పోలీసాయన వచ్చి ఎవరు కొట్టారని అడిగాడు. మావయ్య కుట్లు పడిన నోటితో, బండల మీద పడ్డానని చెప్పాడు. పోలీసాయన చెయ్యి వైపు చూసి, పడితే ఇలా అవుతుందా అన్నాడు. మావయ్య మళ్ళీ అదే చెప్పి కళ్ళు మూసుకున్నాడు. అమ్మ గోడకు తల కొట్టుకుంది. తల్లి చచ్చిన మనిషి కొట్టాడని వాణ్ణి కాపాడతావా, నీ చెయ్యి ఎవడు తెచ్చిస్తాడు అని ఏడ్చింది. మావయ్య కళ్ళు తెరవలేదు.

మర్నాడు పొద్దెక్కాక సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో యాపిల్ పండ్ల సంచి. మా నాన్న ఎవరినీ ఏకవచనంతో పిలవని మనిషి. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"మీది ఏ ఊరన్నారండీ? అయితే మన వైపు వాళ్ళే" అని మొదలుపెట్టాడు. ఆ గోడ పాతదని, వానకు నానిపోయి ముందే పగిలి ఉందని, తమ తూటాకీ దానికీ సంబంధం లేదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ పాప ఫోటో తీసిందండీ, నేను చూశాను. ఆ రీలు ఇప్పించండి. సాయంత్రానికల్లా ఆ ట్రాక్టరువాణ్ణి లోపలేయిస్తాను. ఒక్కసారి కేసు పడిందంటే వాడే మా కాళ్ళ దగ్గరికొస్తాడు. గోడ మాట ఇక జన్మలో ఎత్తడు."

అమ్మ లోపలి నుంచే, "ఇచ్చేయండి" అంది. "నా తమ్ముడి చెయ్యి పోయింది. వాడు చేసింది వాడు అనుభవించాలి."

నాకు అమ్మ మీద కోపం రాలేదు. ఆ గడ్డపార లేచిన క్షణం నాకూ అతణ్ణి చంపాలనే అనిపించింది. కానీ ఆ రీల్లో చివర ఉన్నది గడ్డపార అయితే, మొదట ఉన్నది అవ్వ. పండగకు అలికిన గోడ. దాని మీద వెంట్రుకంత పగులు లేదు. మావయ్య ఉద్యోగంగా తీసిన ఫోటోలన్నీ వీళ్ళ దగ్గరే ఉన్నాయి, అవి ఇక బయటికి రావు. ఇది కూడా ఇతని చేతికి వెళితే, అవ్వ తన గోడ కిందే తాను పడి చచ్చిపోయినట్టు అవుతుంది. స్నేహితురాలి నాయిన జైల్లో ఉంటాడు. ఇంకో బండకు మందు పెడతారు.

ఇదంతా తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత వరుసగా ఆలోచించిందని చెప్పను. నాకు వచ్చింది నిప్పుల్లో ఉల్లిగడ్డ వాసన. అంతే.

నాన్న పిలిచాడు. కెమెరా తెచ్చాను. అతను చెయ్యి చాపాడు. నేను ఇవ్వకుండా వరండా మెట్లు దిగి వాకిట్లోకి, నడినెత్తిన ఉన్న ఎండలోకి నడిచాను. "ఎలా వచ్చాయో చూద్దాం" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మూత విప్పే మీట పైకి లాగి కెమెరా వెనక తెరిచాను. రీలు ఎండలో ఊదారంగులో తళుక్కుమంది.

అతను ఒక్క దూకులో వచ్చి నా చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు నేను కెమెరా మీదే బోర్లా పడ్డాను. మూత నా కడుపు కింద టక్‌మని మూసుకుంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. జుట్టు పట్టి లేపబోతున్నాడు. కెమెరాను కడుపులోకి ఇంకా అదుముకున్నాను.

అప్పుడు నాన్న గొంతు వినబడింది. "చెయ్యి తియ్యరా దాని మీంచి."

నాన్న నోట ఆ 'రా' వినడం అదే మొదలు. అతను తిరిగి చూసేలోపు కాలరు పట్టి, ఈడ్చుకుంటూ గేటు దాకా తీసుకెళ్ళాడు. యాపిల్ పండ్ల సంచి అతని ముఖాన విసిరాడు. అతను చొక్కా సర్దుకుంటూ, "పోయిందిగా రీలు, ఇక దేనికీ పనికిరాదు. మీ ఖర్మ" అనేసి వెళ్ళిపోయాడు. కెమెరా అడగలేదు.

అమ్మ వాకిట్లోకి వచ్చి, నా చెంప మీద తడిబట్ట పెట్టింది. పెడుతూనే, "ఎంత పని చేశావే" అంది. మొదటివైనా మిగిలాయని నాకే నమ్మకం లేదు. ఎండలో ఎంతసేపు తెరిచి ఉందో, వెలుగు ఎన్ని చుట్లు దాటిందో ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం దవాఖానలో మావయ్య చెవిలో మాత్రం చెప్పాను. గడ్డపార ఫోటో గురించీ చెప్పాను, ఎండ గురించీ చెప్పాను. ఆయన ఉబ్బిన పెదవులతో, "ఉల్లిగడ్డా?" అన్నాడు. నవ్వబోయి, కుట్లు లాగి, మూలిగాడు.

చేతికి కట్టుతోనే మావయ్య దవాఖాన నుంచి వచ్చాడు. వచ్చీరాగానే నన్ను వెంటబెట్టుకుని బస్సులో అమీర్‌పేట వెళ్ళాడు. అక్కడి ల్యాబులో మనిషి, రీలు కాలిపోయింది, కడగడం దండగ అన్నాడు. చివరివి వదిలెయ్, మొదటివి కడుగు అని మావయ్య అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు.

నా ఫోటో తెల్లటి కాగితం. గడ్డపార లేదు, మనిషి లేడు. మధ్యలో పిల్లలు తీసిన మేకలు, బండలు, తంగేడు పువ్వులు సగం సగం మంటల్లో. మొదటిదాంట్లో అవ్వ కాళ్ళు, బతుకమ్మ పళ్ళెం, తల లేదు. మూడోది కదిలిపోయింది. రెండోదాంట్లో గోడంతా ఉంది. ఎర్రమట్టి, సున్నం పట్టీ, చుక్కలు, వాటి ముందు అవ్వ. కుడి అంచున మాత్రం నిప్పు అంటుకున్నట్టు ఒక గీత. అది అవ్వ కొంగు దాకా వచ్చి ఆగింది.

ఊరి పెద్దలు ఆ ఫోటో పట్టుకుని మండల ఆఫీసుకు వెళ్ళారు. అర్జీ నాన్న రాశాడు, వెంట కూడా వెళ్ళాడు. గోడ ముందే పగిలి ఉందన్న మాటను సూపర్‌వైజరు ఆ ఫోటో ముందు ఇంకోసారి అనలేకపోయాడట. అవ్వ చావు తూటా వల్లేనని కాగితం మీదికి ఎక్కింది. ఇళ్ళ పక్కన మందు పెట్టడం ఆగింది. వాళ్ళ ఇల్లు కాంట్రాక్టరే కట్టించి ఇచ్చాడు, ఈసారి సిమెంటుతో. నా స్నేహితురాలికి ఆ ఇల్లు నచ్చలేదు. అలకడానికి వీల్లేదంది.

ఆ ఇల్లు కట్టకముందే, అవ్వ దినానికి నా స్నేహితురాలి నాయిన మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. గుండు చేయించుకున్నాడు, వేళ్ళకు ఇంకా గుడ్డలున్నాయి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆయన తల వంచుకునే, "అన్నా, అమ్మ దినం. నువ్వు రావాలె" అన్నాడు. అమ్మ తలుపు వేయబోయింది. మావయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. నేను వెనకే వెళ్ళాను.

విస్తరి ముందు కూర్చున్నాక తెలిసింది, మావయ్య ఎలా తింటాడు? కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడంచేత్తో తినడానికి ఆ పంక్తిలో మొహమాటపడ్డాడు. నా స్నేహితురాలి నాయిన వడ్డించే గిన్నె కింద పెట్టి ఆయన పక్కన కూలబడ్డాడు. అన్నంలో కూర కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టాడు. మావయ్య తిన్నాడు. ఇంకో ముద్ద పెట్టాడు. తినిపిస్తున్న మనిషి భుజాలు కదులుతున్నాయి. నా స్నేహితురాలు వచ్చి నా పక్కన కూర్చుంది. తన విస్తరిలోని గారె విరిచి నాకు సగం పెట్టింది. ఆ పేలుడు తర్వాత అది నా పక్కకు రావడం అప్పుడే.

అమ్మ మాత్రం ఆ మనిషిని ఎప్పటికీ క్షమించలేదు. దాంట్లో అమ్మ తప్పూ లేదు. మావయ్య కుడిచేతి వేళ్ళు మళ్ళీ సరిగా వంగలేదు. మీట నొక్కలేకపోయేవాడు. అయినా మాకు నేర్పడం మానలేదు. ఎడంచేత్తో వెలుగు సరిచేసి, ఎక్కడ నిలబడాలో చూపించి, మాలో ఎవరో ఒకరిని పిలిచి, "ఊఁ, నొక్కు" అనేవాడు. మేం వంతులేసుకుని ఆయన వేళ్ళమయ్యాం. తర్వాత గుట్ట పూర్తిగా పోయింది. ఈసారి చప్పుడు లేకుండా, యంత్రాలతో కోసుకుపోయారు. స్నేహితురాలి వాళ్ళు ఇల్లు అమ్ముకుని బాచుపల్లి వైపు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు స్నేహితురాలు అవ్వ ఫోటోకి ఇంకో ప్రతి తీయించుకుని, అసలుది నాకిచ్చింది. ఇల్లు మారినప్పుడల్లా నేను మొదట సర్దుకునేది దాన్నే.

పాప ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. మిగతా పిల్లలు అట్టముక్కల్లోంచి మా ఇద్దరినీ చూస్తున్నారు. ఇంతమంది చూస్తుంటే మామూలుగా నాకు మాట రాదు. నేను పాప ముందు నేల మీద కూర్చున్నాను, కళ్ళు కళ్ళకు సమానంగా వచ్చేదాకా.

"అన్నీ పోవు. చివర తీసినవి పోతాయి. మొదట తీసినవి లోపల ఉంటాయి. మీ తాతయ్య ఈ రీల్లో మొదట ఏం తీశారో తెలుసా?"

పాప తల అడ్డంగా ఊపింది.

"కడిగిస్తే తెలుస్తుంది. అవే ఉంటాయి" అన్నాను.

పాప ఆ కెమెరాను రెండు చేతులతో కడుపుకు అదుముకుంది. పడేసుకోకూడనిదాన్ని అలా పట్టుకోవాలని దానికి ఎవరూ చెప్పలేదు.